విద్వాంసులకు సైతం దుస్సహమైన సత్యం

అప్రియసత్యాన్ని జనులు తిరస్కరించడానికి అజ్ఞానమే హేతువని సాధారణ అభిప్రాయం. భారతీయ జ్యోతిశ్శాస్త్ర చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. అక్కడ ఒక మహాసత్యాన్ని ఎదిరించినవారందరూ ఉద్దండ పండితులే.

క్రీ.శ. 499 నాటికి 23 ఏళ్ల వయస్సు గల ఆర్యభటుడు తన 'ఆర్యభటీయం'లో భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని ప్రతిపాదించాడు. ముందుకు సాగే నావలో కూర్చున్నవానికి ఒడ్డున ఉన్న అచలవస్తువులు వెనుకకు పోతున్నట్లు తోస్తాయి. నక్షత్రాల పశ్చిమగమనం కూడా అటువంటి భ్రాంతియే అని ఆయన దృష్టాంతం. ఒక ప్రాణకాలంలో, అనగా నాలుగు సెకన్లలో, భూమి ఒక కల మేర భ్రమిస్తుందని లెక్క కూడా చెప్పాడు.

ఆక్షేపణలు వెంటనే ఆరంభమయ్యాయి. భూమి తిరిగేదే అయితే ఆకాశంలోకి ఎగిరిన డేగలు తిరిగి తమ గూళ్లను ఎలా చేరగలవని 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు ప్రశ్నించాడు. ఉన్నతమైన వస్తువులు ఎందుకు కూలిపోవని 628లో బ్రహ్మగుప్తుడు అడిగాడు. జడత్వనియమం ఎరుగని ఆ కాలంలో ఇవి న్యాయమైన ప్రశ్నలే. ప్రత్యక్షప్రమాణం వారి పక్షాన ఉన్నట్లే కనిపించింది.

అయితే గ్రహణ విషయంలో ఈ సమర్థన చెల్లదు. ఛాయాగణితంతో గ్రహణాలను సాధించిన బ్రహ్మగుప్తుడే, రాహువును నిరాకరించినవారిని శ్రుతిస్మృతి విరుద్ధులని నిందించాడు. 11వ శతాబ్దంలో అల్‌బిరూనీ ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపి, సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందన్న భయమే ఇందుకు కారణమై ఉండవచ్చునని ఊహించాడు. ఇక్కడ లోపించినది జ్ఞానం కాదు. ఎరిగినదానిని సమాజం ఎదుట అంగీకరించే ధైర్యం.

ఆర్యభటుని అనుయాయుల మార్గం మరింత సూక్ష్మమైనది. వారు గురువును నిందించలేదు, పూజించారు. కానీ బ్రహ్మగుప్తుడు ఉదాహరించిన పాఠంలో 'భూః' అని ఉన్నచోట, వ్యాఖ్యాతల పాఠంలో 'భం' అని కనిపిస్తుంది. మొదటిది భూమి, రెండవది నక్షత్రం. ఒక్క పదం మారేసరికి భూమి నిలిచిపోయింది, నక్షత్రమండలం తిరగసాగింది. నావ దృష్టాంతాన్ని సైతం కేవలం ఆభాసగా వ్యాఖ్యానించారు. ఆచార్యుని గౌరవమూ దక్కింది, పరిచితమైన విశ్వాసమూ చెదరలేదు. బహిరంగ ఖండనకు ప్రత్యుత్తరం చెప్పవచ్చును. భక్తితో చేసిన ఇటువంటి సవరణను గుర్తించడమే దుష్కరం.

పంచక్లేశాలలో ఒకటైన అభినివేశం విద్వాంసులలో సైతం రూఢమై ఉంటుందని పతంజలి మహర్షి హెచ్చరించాడు. ఆయన అక్కడ చెప్పినది జీవితంపై గల మమకారాన్ని గురించి. చిరకాలంగా ఆశ్రయించిన భావం కూడా మనిషికి దేహం వంటిదే అవుతుంది. దానికి తగిలిన దెబ్బను అతడు తన ఉనికికే తగిలిన దెబ్బగా తలచుతాడు. పాండిత్యం అధికమైనకొద్దీ ఆ భావాన్ని కాపాడుకొనే యుక్తులూ అధికమవుతాయి.

ఈ బంధం అనుల్లంఘ్యం కాదు. 9వ శతాబ్దంలో బ్రహ్మగుప్తుని గ్రంథానికే భాష్యం రచించిన పృథూదకస్వామి, భూభ్రమణ విషయంలో మాత్రం ఆర్యభటుని పక్షాన నిలిచాడు. తాను వ్యాఖ్యానిస్తున్న ఆచార్యుని మాటకన్న యుక్తియే ఆయనకు ప్రమాణమైంది. గ్రంథంపై గౌరవం, సత్యంపై నిష్ఠ ఒకే మనస్సులో నిలువగలవని ఆయన భాష్యం నిరూపిస్తున్నది.