తలవరుఁడు, తలారి - ఒక యుద్యోగనామ చరిత్రము

ఆంగ్లదేశపు ‘షెరీఫు’ పదము ‘షైరు’, ‘రీవు’ అను రెండు మాటల కలయిక. సీమలో రాజు పక్షమున మెలఁగు నధికారి యని దాని యర్థము. 1726 వ సంవత్సరపు రాజశాసనముచే నీ పదవి చెన్నపట్టణమునకు వచ్చి, కాలక్రమమున నగరప్రముఖుల కొసఁగు గౌరవచిహ్నముగా మాఱెను. మన సీమలోఁ గావలిభారము వహించినవాని పేరు ఇందుకు విపరీతముగా నడచినది.

నాగార్జునకొండ ప్రాకృతశాసనములలో ‘మహాతలవర’ బిరుదము కలదు. ఇక్ష్వాకు శాంతమూల మహారాజు సోదరియగు శాంతిశ్రీ భర్త, పూగీయకులజుఁడగు వాసిష్ఠీపుత్ర స్కందశ్రీ, మహాసేనాపతియు మహాతలవరుఁడును. రాజబంధువు బిరుదమును, గ్రామపుఁ గావలివాని పేరును నొకటే యగునా యని సందేహము కలుగవచ్చును.

ఈ సందేహమును దీర్చుటకు మడకశిర ప్రాంతము తోడ్పడును. అచటఁ దెలుఁగును గన్నడమును గలసి వినఁబడును. కన్నడమున ‘తళవార’, తెలుఁగున ‘తలారి’. రెండును గ్రామరక్షకుని పేళ్లే. తెనుఁగు నిఘంటువులలోని ‘తలవరి’ రూపము వకారమును నిలుపుకొని, వీనికి నడుమ వారధియై యున్నది. కావునఁ బదము లొక్కటియే యని తలంపవచ్చును. అయినను పేరు నిలిచినంతనే పదవి నిలిచిన దనరాదు. బిరుదము సామంతుని వీడి, పని గ్రామసేవకునికిఁ జిక్కినది.

ఆ పని యెట్టిది? పంటలఁ గాచుట, బాటసారులకుఁ దోడుపోవుట, దొంగ జాడఁ దీయుట. పోయిన సొమ్మును రాఁబట్టవలెను. లేదా కావలివాఁడే నష్టము నీయవలెను. ఇందులకుఁ బ్రతిఫలము మాన్యమును, కల్లములోని ధాన్యపు మేరయు. వానలు తప్పు నీ మెట్టసీమలోఁ గల్లము వట్టిదైన నాఁడు మేరయు లేదు. కావలి మాత్రము తప్పదు.

పాళెగాండ్రును గావలి పేరిట రుసుములు గొనుచుండిరి. 1800 లో దత్తమండలము కుంపిణీవారి వశమైనపిమ్మట, మన్రో (1800-1807) పాళెగాండ్ర బలము నణఁచెను. 1816 వ సంవత్సరపు 11 వ రెగ్యులేషను గ్రామపెద్దలకును దలారులకును బోలీసువిధులను నిర్ణయించెను. 1859 నాఁటి చట్టముతో వేఱు పోలీసుబలము వచ్చెను. మడకశిర 1882 లో బళ్లారి నుండి క్రొత్తదగు ననంతపురమండలమునఁ జేరెను. 2022 లో శ్రీ సత్యసాయి జిల్లాకు మాఱెను. మునసబు కరణముల పదవులు 1984 లో రద్దయ్యెను.

షెరీఫు పేరు మిగిలినచోటఁ బని తొలఁగి గౌరవము మిగిలెను. తలారికిఁ బని మిగిలి గౌరవము తొలఁగెను. శాసనములలోని మహాతలవరుని చరిత్ర వ్రాయువారు, ఊరి సొమ్మునకుఁ దన మాన్యమునే పూచీగా నుంచిన యీ తలారిని మఱవకుందురుగాక.