ఉడికిన గింజల ఊరిలో అనపగింజల తిరునాళ్ళు

బెంగుళూరుకు ఆ పేరెట్లు వచ్చినదని ఎవరిని అడిగినను ఒకటే కథ చెప్పుదురు. హొయసల రాజు వీరబల్లాళుడు వేటకు వచ్చి, అడవిలో దారి తప్పి, పొద్దు క్రుంకిన తరువాత ఒక ముసలమ్మ గుడిసె చేరినాడట. ఆమె వద్ద ఉడకబెట్టిన గింజలు తప్ప మరేమియు లేవు. ఆకలిమీద ఉన్న రాజు అవే తిని సంతోషించి, ఆ చోటికి 'బెంద కాళు ఊరు' అని పేరు పెట్టినాడట. కన్నడములో బెంద అనగా ఉడికిన, కాళు అనగా గింజ. మన పిల్లలు కూడ బడిలో ఈ కథ విని వచ్చి మనకు చెప్పుచున్నారు.

కథ బాగున్నది గాని కాలము కుదరదు. రెండవ వీరబల్లాళుడు 1173 నుండి 1220 వరకు రాజ్యము చేసెను. నగరమునకు దక్షిణమున బేగూరు నాగేశ్వర దేవాలయములో ఒక వీరగల్లు కలదు. దానిమీద పాత కన్నడములో బెంగుళూరు యుద్ధమున చచ్చిన వీరుల ప్రస్తావన ఉన్నది. అది సుమారు 890 నాటి గంగరాజుల కాలపు శాసనమని పండితుల నిర్ణయము. అనగా రాజుగారు దారి తప్పుటకు మూడు వందల ఏండ్ల ముందే ఊరున్నది, పేరున్నది. కెంపేగౌడ 1537లో కోట, పేటలు కట్టించినది ఇంకను తరువాతి మాట. ముసలమ్మ కథ ఎవరు కల్పించిరో గాని, ఈ సీమ తిండి బాగుగా ఎరిగినవారే కల్పించిరి.

ఆ గింజ అవరె గింజయేనని ఇక్కడ చాలమంది నమ్మిక. కన్నడమువారి అవరెకాయ మన రాయలసీమలో అనపకాయ. సర్కారు జిల్లాలవారికి, తెలంగాణమువారికి అనుములు. అరవదేశములో ఉన్న మనవారు మొచ్చై అనియు, మహారాష్ట్రమున ఉన్నవారు వాల్ అనియు సంతలో అడిగి తెచ్చుకొనుచుందురు. వృక్షశాస్త్రజ్ఞులు దీని పుట్టిల్లు ఆఫ్రికా అందురు. అయినను మూడు వేల ఏండ్లకు పూర్వమే దక్షిణాపథమునకు వచ్చి స్థిరపడినదని పాత గ్రామముల త్రవ్వకములలో దొరికిన గింజలు చెప్పుచున్నవి. ఇదియు మనవలె వలస వచ్చినదే! మిరపకాయ పోర్చుగీసువారి వెంట పదునారవ శతాబ్దములో గదా మన దేశమునకు వచ్చినది. కాబట్టి ముసలమ్మ పెట్టిన గింజలలో మిరపకారము మాత్రము లేదు. రాజుగారు మిరియాలతో సరిపెట్టుకొని ఉందురు.

పచ్చి గింజలను రాత్రి నానబెట్టి, తెల్లవారి ఒక్కొక్కదానిని బొటనవ్రేలితో నొక్కినచో పై తోలు వదలి లోపలి పప్పు జారి వచ్చును. చిత్తూరు ప్రాంతమువారు దీనిని పితికిపప్పు అందురు. కన్నడమువారు హితికిద బేళె అందురు. పాలు హాలైనట్లు, పులి హులి అయినట్లు పితుకుట హితుకుట అయినది. పాత కన్నడములోని పకారము మాటల మొదట క్రమముగా హకారమైనదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మా యింట మా అమ్మ పితికిపప్పు అనును, మా పిల్లలు హితికిద బేళె అందురు. రెండును ఒకటే మాట అని నేను చెప్పినచో ఇద్దరును నమ్మరు.

ఇక తిరునాళ్ళ సంగతి. విశ్వేశ్వరపురములో సజ్జన్ రావు సర్కిలు వద్ద చిరుతిండ్ల వీధి ఒకటి ఉన్నది. అక్కడి వాసవి కాండిమెంట్సు వారు 2000వ సంవత్సరములో ఈ అవరె మేళా ప్రారంభించిరి. పేరు చూచినంతనే పెనుగొండ అమ్మవారు గుర్తుకు రాకమానదు. మాగడి మొదలగు చుట్టుప్రక్కల పల్లెల రైతులు పండించిన కాయకు గిరాకి కలిగించవలెనని వారి తలంపు. కాయ వచ్చునది చలికాలములోనే. మంచులో పండిన కాయకే ఆ పరిమళము. రైతు దానిని దాచుకొనలేడు, ఆ కాలములోనే అమ్ముకొనవలసినదే. జనము పెరిగి వీధి చాలకపోగా, 2023 జనవరిలో మేళాను బసవనగుడి నేషనల్ కాలేజి మైదానమునకు మార్చిరి.

ఆ సంవత్సరము మేము నలుగురము సాయంకాలము వెళ్ళి వరుసగా రుచి చూచితిమి. అవరె దోసె దివ్యముగా ఉన్నది. పెసరట్టు వేయించుకొని తినుటకు అలవాటు పడిన నాలుకకు కూడ నచ్చినది. బియ్యపుపిండి రొట్టె, చిత్రాన్నము, నిప్పట్లు అన్నిటిలోను ఆ గింజయే. ఓళిగ, అనగా మన బొబ్బట్టు, శనగపప్పు దానికంటె మెత్తగా ఉన్నదని మా ఆవిడ ఒప్పుకొన్నది. జిలేబిలో గింజ ఎందుకో నాకు బోధపడలేదు. ఐసుక్రీములో మరీ బోధపడలేదు గాని పిల్లలు నాకు మిగల్చలేదు.

ఇట్టి క్రొత్తపోకడలు ఈ ఊరికి క్రొత్త కావు. 1924లో ఆరంభమైన మావళ్ళి టిఫిన్ రూమ్సు వారు రెండవ ప్రపంచ యుద్ధకాలములో బియ్యము కరువైనప్పుడు రవ్వతో ఇడ్లీ చేసి పెట్టితిమని చెప్పుకొందురు. 1942లో బర్మా జపానువారి వశమై ఆ దేశపు బియ్యము రాక నిలిచిపోయినది గదా. కరువులో పుట్టిన రవ్వ ఇడ్లీ నేడు స్టేషను క్యాంటీనులలో కూడ దొరకుచున్నది.

తిరిగి వచ్చునప్పుడు పితికిన పప్పు ఒక కిలో కొంటిమి. ఒలిచి, నానబెట్టి, పితికినందుకు కాయకంటె ధర ఎక్కువే. మా ఆవిడ తెలుగులో బేరమాడగా, తూచుచున్న ముసలామె తెలుగులోనే, "ఒక కిలో పితికేదానికి వేళ్ళు ఎంత నొస్తాయో నీకు తెలీదా తల్లీ?" అన్నది. ఏ ఊరని అడిగితిమి. ముళబాగిలు ప్రక్క పల్లె అని చెప్పి, తూకములో రెండు గుప్పిళ్ళు ఎక్కువ వేసినది.