అకాలీదళ్: పొత్తుల లెక్క, హక్కుల మౌనం

2020 సెప్టెంబర్ 17న హర్‌సిమ్రత్ కౌర్ బాదల్ కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశారు. తొమ్మిది రోజుల తరువాత శిరోమణి అకాలీదళ్ జాతీయ ప్రజాస్వామ్య కూటమి నుంచి వైదొలగింది. పాతికేళ్లకు చేరువైన పొత్తు మూడు వ్యవసాయ బిల్లుల దగ్గర తెగిపోయింది. అయితే అదే ఏడాది జూన్‌లో ఆ బిల్లులు ఆర్డినెన్సులుగా వెలువడినప్పుడు వాటికి ఆమోదం తెలిపిన మంత్రివర్గంలో ఆమె కూడా ఉన్నారు. పార్టీ నాయకత్వం తొలి నెలల్లో వాటిని సమర్థించింది. పంజాబ్ రైతులు రోడ్లమీదికి వచ్చాకే మాట మారింది. రైతుల పార్టీగా పేరున్న అకాలీదళ్ తన రైతుల మనసు తెలుసుకోవడంలో ఎందుకింత ఆలస్యం చేసింది? జవాబు కోసం ఆ పార్టీ పొత్తుల చరిత్రలోకి వెళ్లాలి.

1920 డిసెంబర్‌లో గురుద్వారాల సంస్కరణోద్యమం నుంచి అకాలీదళ్ పుట్టింది. మహంతుల చేతుల్లో ఉన్న గురుద్వారాలను విడిపించడం దాని తొలి లక్ష్యం. 1925 నాటి చట్టంతో వాటి నిర్వహణ ఎన్నికైన ప్రబంధక్ కమిటీకి దక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో దాని శాసనసభ్యులు కాంగ్రెస్‌లో చేరిపోయారు. ఆ తరువాత బయటికి వచ్చారు. 1956లో ప్రాంతీయ సూత్రంపై రాజీ కుదరడంతో మరోసారి కాంగ్రెస్‌కు దగ్గరయ్యారు, మళ్లీ విడిపోయారు. ఈ రాకపోకలన్నిటి వెనుక ఉన్నది ఒకే కోరిక: పంజాబీ మాట్లాడేవారికి ఒక రాష్ట్రం.

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత 1953లో తెలుగువారికి ఆంధ్ర రాష్ట్రం దక్కింది. పంజాబీలకు మాత్రం రాష్ట్రాల పునర్విభజన కమిషన్ మొండిచేయి చూపింది. 1961లో మాస్టర్ తారాసింగ్ 48 రోజులు నిరాహార దీక్ష చేసినా ఫలితం లేకపోయింది. భాష పేరిట వచ్చిన కోరికలో మతం కనిపించడమే అందుకు కారణం. జనాభా లెక్కల్లో మాతృభాషగా హిందీ అని రాయించుకోవాలని పంజాబీ హిందువులకు ఆర్యసమాజ్, జనసంఘ్ పిలుపునిచ్చాయి. ఇంట్లో పంజాబీ మాట్లాడే లక్షలాది మంది లెక్కల్లో హిందీవారయ్యారు. చివరకు సంత్ ఫతేసింగ్ నాయకత్వంలో 1966 నవంబర్ 1న పంజాబీ సుబా ఏర్పడింది. చండీగఢ్ మాత్రం కేంద్రపాలిత ప్రాంతంగా మిగిలింది.

కోరిన రాష్ట్రం వచ్చింది కానీ దానితోపాటు కొత్త చిక్కూ వచ్చింది. కొత్త పంజాబ్‌లో సిక్కులు ఆధిక్యంలో ఉన్నా, వారి ఓటు అకాలీలకు, కాంగ్రెస్‌కు, కమ్యూనిస్టులకు చీలిపోయేది. గ్రామాల్లోని జాట్ రైతుల బలం ఒక్కటే అధికారానికి చాలదు. పట్టణ హిందువుల ఓట్లు కావాలి. అవి జనసంఘ్ దగ్గర ఉన్నాయి. అందుకే సుబా ఏర్పడిన నాలుగు నెలలకే, 1967 మార్చిలో, సుబాను వ్యతిరేకించిన జనసంఘ్‌తో కలిసి అకాలీ నాయకుడు గుర్నామ్‌సింగ్ ప్రభుత్వం ఏర్పాటు చేశారు. అదే ఏడాది నవంబర్‌లో అది కూలింది. 1969లో ఆ రెండు పార్టీలూ మళ్లీ కలిశాయి. మరుసటి ఏడాది భాష, విద్య విషయాల్లో విభేదించి విడిపోయాయి.

ఆ రోజుల్లో అకాలీదళ్‌కు పొత్తు ఉండేది, సొంత గొంతూ ఉండేది. 1973 నాటి ఆనంద్‌పూర్ సాహిబ్ తీర్మానం రాష్ట్రాలకు విస్తృతాధికారాలు కోరింది. ఎమర్జెన్సీ విధించిన రెండు వారాలకే, 1975 జూలైలో, అమృత్‌సర్‌లో అకాలీలు మోర్చా ప్రారంభించి జైళ్లకు వెళ్లారు. 1977లో జనతా పార్టీతో కలిసి గెలిచి రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ అధికారం పంచుకున్నారు. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం బాదల్ మంత్రివర్గాన్ని రద్దు చేసింది.

ఆ తరువాతి పదేళ్లు రక్తసిక్తం. 1985 జూలైలో రాజీవ్‌గాంధీతో ఒప్పందం చేసుకున్న సంత్ లోంగోవాల్ నెల తిరగకుండానే హత్యకు గురయ్యారు. ఆ సెప్టెంబర్ ఎన్నికల్లో అకాలీలు 117 స్థానాల్లో 73 గెలిచారు. కానీ ఒప్పందం ప్రకారం 1986 జనవరి 26న పంజాబ్‌కు రావలసిన చండీగఢ్ రాలేదు. 1987లో బర్నాలా ప్రభుత్వం రద్దయింది.

ఈ గాయాల నుంచి ప్రకాశ్‌సింగ్ బాదల్ ఒక పాఠం తీసుకున్నారు. 1996లో మోగా సభలో పార్టీ సిక్కు పంథ్ పరిధిని దాటి పంజాబీలందరి పేరుతో మాట్లాడింది. ఆ లోక్‌సభ ఎన్నికల్లో బహుజన్ సమాజ్ పార్టీతో కలిసి పోటీ చేసింది. ఫలితాలు రాగానే ఢిల్లీలో వాజ్‌పేయికి మద్దతు పలికింది. 1997లో అకాలీదళ్‌కు 75, బీజేపీకి 18 స్థానాలు వచ్చాయి. సొంతంగానే ఆధిక్యం ఉన్నా బాదల్ బీజేపీని మంత్రివర్గంలోకి తీసుకున్నారు. ఉగ్రవాదపు నీడలో పదిహేనేళ్లు బతికిన రాష్ట్రంలో హిందువులూ సిక్కులూ ఒకే ప్రభుత్వంలో కనిపించడం చిన్న విషయం కాదు. ఆ పొత్తు చేసిన మేలును చరిత్ర కాదనలేదు.

దానికి చెల్లించిన మూల్యాన్నీ కాదనలేదు. ఢిల్లీలో మిత్రులు అధికారంలో ఉన్నప్పుడు కూడా చండీగఢ్ రాలేదు, నదీజలాల వివాదం తీరలేదు. సమాఖ్య డిమాండ్లు ఎన్నికల ప్రణాళికల్లోనే మిగిలిపోయాయి. 2019 ఆగస్టులో జమ్మూకశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తిని రద్దు చేసి, రాష్ట్రాన్ని రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా విడగొట్టినప్పుడు, ఆనంద్‌పూర్ సాహిబ్ తీర్మానాన్ని రాసుకున్న పార్టీ పార్లమెంటులో సమర్థనగా నిలిచింది. మరొక రాష్ట్రం హక్కుల విషయంలో మౌనం అలవాటైన పార్టీకి, మరుసటి ఏడాది తన పొలాల దాకా వచ్చిన చట్టాన్ని గుర్తించడానికి మూడు నెలలు పట్టింది.

పొత్తు వదిలినా విశ్వాసం తిరిగి రాలేదు. 2022లో మళ్లీ బీఎస్పీతో కలిసి పోటీ చేస్తే దక్కినవి మూడు స్థానాలు. లంబీలో ప్రకాశ్‌సింగ్ బాదల్ ఓడిపోయారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఒంటరిగా నిలిచి బఠిండా ఒక్కటే నిలబెట్టుకుంది. బీజేపీ ఒక్క స్థానమూ గెలవలేదు గానీ, ఓట్లలో పాత మిత్రుణ్ని మించిపోయింది. ఖడూర్ సాహిబ్, ఫరీద్‌కోట్‌లలో అతివాద ధోరణి గల స్వతంత్రులు గెలిచారు. పట్టణం ఓటు మిత్రుడి వెంట వెళ్లింది. పంథ్ ఓటులో కొంత అకాలీదళ్ కంటే గట్టిగా అరిచేవారి వెంట వెళ్లింది.

ప్రాంతీయ పార్టీ పొత్తు పెట్టుకోవడం తప్పు కాదు. అకాలీదళ్ 1967లో జనసంఘ్‌తో కలిసింది, 1970లో విభేదించి విడిపోయింది. అప్పుడు దాని బలం తగ్గలేదు. ఎందుకంటే మిత్రుడికి ఎక్కడ కాదని చెప్పాలో దానికి తెలుసు. 1997 తరువాత కాదనడం మరిచిపోయింది. గుర్తొచ్చేసరికి, ఆ మాట ఆ పార్టీ చెప్పక ముందే పంజాబ్ రైతులు చెప్పేశారు.