జామాయిల్ దారువు: గుజ్జు మిల్లుకూ వడ్రంగి ఉలికీ నడుమ

సోమనాథుని పేరుతో, పొరుగున ఉన్న పోతన బమ్మెరతో సాహిత్యలోకానికి చిరపరిచితమైన పాలకుర్తి అరణ్యసమృద్ధమైన సీమ కాదు. ఉమ్మడి వరంగల్లు జిల్లాలో దర్వాజలకూ దూలాలకూ పనికివచ్చే టేకు, నల్లమద్ది, ఏగిస వంటి చేవగల కలపకు నెలవులు ములుగు, ఏటూరునాగారం అడవులు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టమూ, 1996 డిసెంబరులో గోదావర్మన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వూ స్వదేశీ అడవుల కలపకు దారిని ఇరుకు చేయగా, ఆ లోటును పూడ్చడానికి బర్మా, మలేషియా దుంగలు దిగుమతి అయ్యాయి; 2014లో బర్మా సైతం దుంగల ఎగుమతిని నిషేధించింది.

ఈ కరవుకాలంలో ప్రత్యామ్నాయంగా నిలవదగిన వృక్షం అప్పటికే పొలాల్లో పెరుగుతూ ఉంది. పద్దెనిమిదో శతాబ్దాంతంలో టిప్పు సుల్తాను నంది హిల్స్ తోటకు వచ్చిందని చెప్పే యూకలిప్టస్, 1843 నుంచి నీలగిరులలో వంటచెరకు కోసం వ్యాపించి, మైదానాల్లో జామాయిల్‌గా స్థిరపడింది. పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల ద్వారా పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం నిర్దేశించిన మరుసటి ఏడే, భద్రాచలం కాగితపు మిల్లు క్లోనల్ మొక్కల పరిశోధనకు పూనుకొన్నది. ఎన్నిక సహజంగానే గుజ్జు దిగుబడిని బట్టి జరిగింది. కోత నాలుగైదేళ్లకు కుదిరింది. వెల టన్నుల లెక్కన కట్టబడింది.

వడ్రంగికి జామాయిల్‌పై గల అవిశ్వాసానికి మూలం ఇక్కడే ఉంది. ఈ మానులో పెరుగుదలతోపాటే అంతర్గత బిగువు పేరుకుంటుంది. నరికిన వెంటనే దుంగ కొనలు పగులుతాయి, కోసిన పలకలు వంగుతాయి, తొందరపడి ఆరబెడితే కుంగిపోతాయి. లేతమానులో ఈ దోషాలకు చేవలేమి తోడవుతుంది. ఇవి జాతిదోషాలే అయితే తీర్పు సులభం. కానీ బ్రెజిల్‌లో అరాక్రుజ్ సంస్థ తోటల్లో పెంచిన సంకర యూకలిప్టస్‌ను లిప్టస్ పేరుతో గృహోపకరణాల కలపగా ఈ శతాబ్దారంభంలోనే అంతర్జాతీయ విపణికి తెచ్చింది. వలసినవి తగిన వయసు, నరికాక ఆలస్యం లేని కోత, కొనలకు పూత, నెమ్మదిగా ఆరబెట్టే ఓర్పు. మన దేశంలోనూ బెంగళూరులోని దారువిజ్ఞాన సంస్థ ఈ కలప వినియోగంపై పనిచేసింది.

జామాయిల్ భూగర్భజలాన్ని పీల్చేస్తుందన్న నింద కూడా నిరాధారం కాదు. 1983లో తుమకూరు రైతులు నర్సరీ మొక్కలను పెరికివేశారు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్త నాట్లను నిషేధించింది. అయితే ఒత్తుగా నాటి, నాలుగైదేళ్లకొకసారి నరికి, మోడు నుంచి మళ్లీ పిలకలెత్తించే పద్ధతికీ, ఎడంగా నాటి ఇరవయ్యేళ్లు నిలిపే తోటకూ ఒకే తీర్పు చెప్పడం న్యాయమనిపించదు. రైతును తప్పుపట్టడమూ అంతే అన్యాయం: ఐదో ఏట టన్నుకింత అని చేతికందే సొమ్మును వదిలి, బొద్దుమానుకు వేరే వెల కట్టని విపణి కోసం రెండు దశాబ్దాలు ఎవరు వేచి ఉంటారు? గుజ్జు మిల్లు మాత్రం శాశ్వతమా అంటే, మంగపేట మండలం కమలాపురంలోని రేయాన్ గుజ్జు కర్మాగారం బర్మా నిషేధం వచ్చిన ఆ 2014లోనే మూతపడింది.

పాలకుర్తి ఇళ్లలో జామాయిల్ కలప నేటికీ ఎక్కువగా స్లాబు కింది సెంటరింగు కర్రగానే కనిపిస్తుంది. ఉత్తరాదిన యమునానగర్ మిల్లులు మాత్రం పాప్లర్‌తోపాటు యూకలిప్టస్‌ను పలుచని పొరలుగా ఒలిచి ప్లైవుడ్‌గా అతికిస్తున్నాయి. జామాయిల్ పలకను నిరాకరించే వడ్రంగి, అలమరా చేసేటప్పుడు ఆ పొరలనే టేకు తొడుగు కింద కోస్తూ ఉండవచ్చు.