తల్లి చేప మేతలో కొవ్వు, గుడ్డులో బలం

శీలావతి గుడ్డు నీటిలో పడ్డాక సుమారు 14 నుంచి 18 గంటల్లో పిల్ల బయటికి వస్తుంది. ఆ తర్వాత మూడు రోజుల పాటు దానికి పొట్ట కిందున్న సొన సంచే ఆధారం. హేచరీలు స్పాన్‌ను, అంటే ఈ చిరుపిల్లలను, రైతుకు అమ్మేది ఇంచుమించు ఈ దశలోనే. అంటే ఆ పిల్ల ఒళ్లంతా తల్లి చేప తిన్న మేతతో కట్టినదే. ఇంజెక్షన్ మోతాదు గురించి, తొట్టిలో నీటి ప్రవాహం గురించి హేచరీల్లో ఎంతో చర్చ జరుగుతుంది. ఆ మేతలోని కొవ్వు గురించి మాత్రం అంత జరగడం లేదు. జరగాలి.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి రసం ఎక్కించి భారతీయ కార్పు చేపలతో గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా నదిలో ఏరుకొచ్చే పిల్ల మనిషి చేతికి అందింది. ఆ విజయం చిన్నది కాదు. అయితే సూది గుడ్డును పక్వానికి తెచ్చి విడుదల చేయించగలదే గాని, గుడ్డులో లేనిదాన్ని తెచ్చి పెట్టలేదు.

గుడ్డులో ఏముండాలో అంతకు కొన్ని నెలల ముందే తేలిపోతుంది. అండాశయం ఎదిగే కాలంలో ఈస్ట్రాడియోల్ హార్మోన్ ప్రేరణతో కాలేయం విటెలోజెనిన్ అనే కొవ్వు కలిసిన ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. అది రక్తం ద్వారా గుడ్డులోకి చేరి సొనగా మారుతుంది. దానితో పాటు వచ్చే కొవ్వు ఆమ్లాల్లో ఒక్కోదానికి ఒక్కో పని. ఒమేగా-3 వర్గంలోని డీహెచ్ఏ పిల్ల మెదడుకు, కంటి రెటీనాకు, కణాల పొరలకు ముడిసరుకు. ఒమేగా-6 వర్గంలోని అరాకిడోనిక్ ఆమ్లం నుంచి ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి. అండం విడుదలకు అవి కావాలి. ఒమేగా-3లోనే మరొకటైన ఈపీఏ, అరాకిడోనిక్ ఆమ్లం ఒకే ఎంజైమ్ కోసం పోటీ పడతాయి. ఒకటి మితిమీరితే రెండోదాని పని కుంటుపడుతుంది. అందుకే ఎంత కొవ్వు అన్నదానికన్నా ఏ కొవ్వు, ఏ పాళ్లలో అన్నదే అసలు ప్రశ్న.

దీనికి గట్టి ఆధారాలు మొదట సముద్రపు చేపల్లో దొరికాయి. జపాన్‌లో తకెషి వతనబె బృందం ఎర్ర సీబ్రీమ్ తల్లి చేపలకు అవసరమైన కొవ్వు ఆమ్లాలు లేని మేత పెట్టి చూసింది. నీటిపై తేలే మంచి గుడ్లు తగ్గిపోయాయి. గుడ్డుకు ఒక్కటే ఉండాల్సిన నూనె బిందువు చాలా గుడ్లలో ముక్కలై కనిపించింది. 1995లో ఫెర్నాండెజ్-పలాసియోస్ బృందం గిల్ట్‌హెడ్ సీబ్రీమ్ మీద చేసిన ప్రయోగం మరింత విలువైనది. మేతలో పొడవు గొలుసు ఒమేగా-3 ఆమ్లాలు 1.6 శాతానికి చేరేదాకా గుడ్ల నాణ్యత మెరుగైంది. దాన్ని 3 శాతం దాటిస్తే గుడ్ల సంఖ్య పడిపోయింది, పిల్లల సొన సంచి అసహజంగా ఉబ్బింది. మంచిది కదా అని ఎక్కువ పోస్తే మేలు జరగదని ఆ ప్రయోగం తేల్చింది.

మంచినీటి చేపల కథ కొంత వేరు. ఫిలిప్పీన్స్‌లో శాంటియాగో, రెయెస్ 1993లో వెలువరించిన ఫలితాల ప్రకారం, కాడ్ లివర్ నూనె కలిపిన మేత తిన్న నైలు తిలాపియాలు బాగా బరువు పెరిగాయి, పిల్లల ఉత్పత్తిలో మాత్రం వెనకబడ్డాయి. ముందు నిలిచినవి సోయా నూనె తిన్నవి. బరువు పెంచే మేత, గుడ్డును నిలబెట్టే మేత ఒకటి కానక్కర్లేదన్నమాట. తిలాపియా, కార్పు వంటి చేపలు మొక్కల నూనెల్లోని చిన్న గొలుసు ఆమ్లాలను కొంతవరకు పొడిగించుకోగలవు. అయితే మూల సరుకు మేతలో ఉండాలి. బంగారు తీగ చేపకు ఆ మూల సరుకైన లినోలిక్, లినోలెనిక్ ఆమ్లాలు చెరో 1 శాతం కావాలని 1970లలోనే జపాన్ పరిశోధకులు చెప్పారు.

ఇప్పుడు కొల్లేరు చుట్టుపక్కల చెరువులను చూడాలి. చిల్లుల సంచుల్లో కట్టి వేలాడదీసే మేతలో ముఖ్యమైనది డీఓబీ, అంటే నూనె తీసేసిన తవుడు. అందులో మిగిలే కొవ్వు అత్యల్పం. వేరుశనగ చెక్క, పత్తి చెక్కల్లో కొద్దోగొప్పో నూనె ఉన్నా లినోలెనిక్ దాదాపు ఉండదు. ఆ లోటును కొంత పూడ్చేది నీటిలోని ప్లవకాలే. కిక్కిరిసిన తల్లి చేపల చెరువులో అవి అన్నిటికీ చాలవు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ కార్పు తల్లి చేపల కోసమే ‘సీఫాబ్రూడ్’ అనే మేతను రూపొందించింది. సూదికి అంత తేలిగ్గా లొంగని బొచ్చె చేపకు ఇలాంటి శ్రద్ధ మరీ అవసరం.

మరో చిక్కు ఎండ. జూన్, జూలై గుడ్లకు సొన పేరుకునేది ఎక్కువగా వేసవి నెలల్లోనే. బహుళ అసంతృప్త కొవ్వులు తొందరగా చెడేది కూడా ఆ వేడిలోనే. ముక్క వాసన పట్టిన నూనె పెట్టడం కన్నా మానేయడమే నయం. విటమిన్ ఇ కలపడం, కొద్దికొద్దిగా తాజాగా తయారు చేసుకోవడం, నీడలో నిల్వ చేయడం ఖర్చుతో కాదు, శ్రద్ధతో అయ్యే పనులు.

హేచరీ యజమానులు వచ్చే ఫిబ్రవరి నుంచే తల్లి చేపలను వేరు చేసి, వాటి మేతలో అవిసె నూనె, చేప నూనె కొలత ప్రకారం కలిపి, మామూలు మేత తిన్న జతతో పోల్చి ఫలదీకరణ శాతం, మూడో రోజు మిగిలిన పిల్లల శాతం రాసిపెట్టాలి. స్పాన్ కొనే రైతు కూడా ధరతో పాటు ఒక మాట అడగాలి: ఈ పిల్లల తల్లులకు ఏం మేత పెట్టారు?