ట్రాక్టరు ట్రైలరు

ట్రాక్టరు వెనుక తగిలించి సరుకు మోయించే, సొంత ఇంజను లేని బండిని ట్రైలరు అంటారు. వాడుకలో దీనికి ట్రక్కు, ట్రాలీ, తొట్టి అనే పేర్లు కలవు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పల్లెలలో ధాన్యము, చెరకు, ఇసుక, ఇటుకలు విరివిగా దీనిపైననే రవాణా అవుతాయి. ఎడ్లబండి స్థానంలో వచ్చింది కనుక దీనిని ఎడ్లబండి వలెనే నడపవచ్చునని చాలామంది భావిస్తారు. బరువు లాగలేకపోతే ఎడ్లు నిలిచిపోతాయి, ఇంజను నిలవదు.

నిర్మాణము

ఒకే ఇరుసు గల రెండు చక్రాల ట్రైలరు తన బరువులో కొంత భాగాన్ని ట్రాక్టరు కొక్కెముపై మోపుతుంది. ఇది కొంతవరకు మంచిదే, వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది. మితిమీరితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పనిచేయదు. సరుకును వెనుక వైపు పేర్చినచో కొక్కెము పైకి లేచి, వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది. అందువలన బరువు ఇరుసుకు కొద్దిగా ముందుకు ఉండేటట్లు సర్దాలి. నాలుగు చక్రాల ట్రైలరు ట్రాక్టరుపై అంతగా బరువు మోపదు, కాని దానిని వెనుకకు నడపడం కష్టము.

ముందు భాగము లేవడం

వెనుక చక్రాలు కదలలేనప్పుడు ఇంజను బలము వృథా కాదు. చక్రము తిరగదు కనుక ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరగబోతుంది, ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. గొలుసును ఇరుసు కంటే ఎత్తున, ఉదాహరణకు టాప్ లింకు వద్ద, కట్టినచో లాగే బరువే ట్రాక్టరును వెనుకకు పడదోస్తుంది. సుమారు ఒకటిన్నర సెకనులో అది తలక్రిందులై డ్రైవరుపై పడవచ్చు. క్లచ్చి తొక్కే వ్యవధి కూడా ఉండదు. ఇరుసు కంటే క్రిందనున్న డ్రాబారుకు తగిలించినప్పుడు, ముందు భాగము లేచినకొద్దీ కొక్కెము దిగి, పడదోసే బలము తగ్గుతుంది.

దమ్ము మడిలో దిగబడిన ట్రాక్టరు వెనుక చక్రాలకు దుంగ కట్టి ముందుకు నడపడం పల్లెలలో కనిపించే పద్ధతి. ఇది మిక్కిలి ప్రమాదకరము. రివర్సు గేరులో ముందు భాగము నేలకు అదుముకొంటుంది కనుక బురద త్రవ్వి వెనుకకు తీయడం మేలు. వేరొక ట్రాక్టరుతో లాగించేటప్పుడు గొలుసును నెమ్మదిగా బిగించాలి. తెగిన తాడు కొరడా వలె కొడుతుంది, కనుక చూసేవారు దాని పొడవు కంటే దూరంగా నిలవాలి.

స్వీడన్ దేశము 1959లో కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రమును తప్పనిసరి చేసింది. తరువాత అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గాయి.

బ్రేకులు

మన ట్రైలర్లు పెక్కింటికి బ్రేకులు లేవు. రెండు టన్నుల ట్రాక్టరే వెనుకనున్న నాలుగైదు టన్నులను కూడా ఆపాలి. పల్లములో న్యూట్రలులో వదిలితే ఇంజను అదుపు పోయి, ట్రైలరు ట్రాక్టరును నెట్టి అడ్డముగా మడతపెడుతుంది. ఎక్కేటప్పటి గేరులోనే దిగాలి. ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్ళుంటాయి. పొలంలో మలుపు తిప్పడానికి అవి విడిగా ఉపయోగపడతాయి. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే పట్టీ వేయాలి. మరచినచో ఒక చక్రము మాత్రమే ఆగి బండి ప్రక్కకు తిరుగుతుంది. కొక్కెము పిన్నుకు అడ్డుపుల్ల, అదనముగా గొలుసు ఉండాలి.

చట్టము, ప్రయాణికులు

1988 మోటారు వాహనాల చట్టము 61వ సెక్షను ప్రకారము ట్రైలరుకు రిజిస్ట్రేషను అవసరము. సరుకు ట్రైలరులో మనుషులను ఎక్కించుకొనడం నిషిద్ధము. నాటు కూలీలకు వేరే బండి దొరకని చోట ఈ నిషేధము కాగితముపైననే మిగులుతోంది. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల వద్ద ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది కూలీలు మరణించారు. అదే సంవత్సరము జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద మూసీ కాలువలో పడి పదిహేను మంది మరణించారు. రెండు ఘటనలలోను మృతులలో అధికులు స్త్రీలు.