కాగితంమీద నిలిచిన నేల

మన ఇళ్ళలోని ఫొటో ఆల్బములు ఒకసారి తిరగవేసి చూడండి. పెండ్లి ఫొటోలు, పుట్టువెంట్రుకలు తీయించిననాటివి, స్టూడియోలో తెరముందు బిగుసుకొని నిలబడి తీయించుకొన్నవి ఎన్నో కనబడును. మనుష్యులు లేని ఫొటో, అనగా ఒక చెరువు, ఒక మెట్ట, ఒక చేనుగట్టు మాత్రమే ఉన్నది, దొరకుట కష్టం. మనుష్యులు లేని ఫొటోకు డబ్బు తగలవేయుట ఎందుకని మన పెద్దల లెక్క. నేను చరిత్ర పండితుణ్ణి కాను. ఎస్సెస్సెల్సీతో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. అయినను ఆ లెక్కను సరిచూడవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మద్రాసు సైన్యంలో అధికారి అయిన అలెగ్జాండర్ గ్రీన్‌లా 1855-56లో హంపి శిథిలాలను ఫొటోలు తీసినాడు. 1509 నుండి 1529 వరకు శ్రీకృష్ణదేవరాయలు ఏలిన నగరమది. 1565 యుద్ధం తరువాత పాడుపడినది. గ్రీన్‌లా కాలానికి ఆ దిక్కున రైలు లేదు. దక్షిణదేశపు మొదటి రైలు చెన్నపట్నం రాయపురం నుండి వాలాజా రోడ్డుకు కదలినదే 1856 జూలై 1న. పెట్టె కెమెరా, మందుల సీసాలు, కాగితాలు అంతదూరం రైలు లేకుండా చేరినవన్నమాట!

అప్పటికి ఆయన చేతిలో ఫిల్ము లేదు. కాగితమే నెగటివు. వెండి లవణాలు పట్టించిన కాగితాన్ని కెమెరాలో పెట్టి, నిమిషాల తరబడి వెలుతురు సోకనిచ్చేవారు. బయటికి తీసినప్పుడు దానిమీద కంటికి దాదాపు ఏమీ కనబడదు. చీకటిగదిలో మందునీళ్ళలో వేసినప్పుడు బొమ్మ మెల్లగా తేలును. తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా. వెలుతురు బాగా దూరుటకు ఆ కాగితానికి మైనం పట్టించేవారు. పిమ్మట దానిని వెండి పూసిన మరొక కాగితంపై పరచి, అద్దపు చట్రంలో బిగించి ఎండలో పెట్టితే అసలు చిత్రం దిగును. హైపోలో ముంచి, మంచినీళ్ళలో చాలాసేపు కడగవలెను. కడుగుటలో తొందరపడితే చిత్రం కొన్నేళ్ళకే పాలిపోవును.

బొమ్మను పెద్దది చేయు వసతి అప్పుడు లేదు. నెగటివు ఎంతో ప్రింటూ అంతే. అందుచేత గ్రీన్‌లా వాడిన కాగితాలు సుమారు 18 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పువి. ఆ చిత్రాలలో ఆకాశం తెల్లగా ఉండును. ఆ వెండి లవణానికి నీలిరంగు తెలిసినంతగా ఎరుపు, పసుపు తెలియవు. నడిచే మనిషి నిలువడు, బండరాయి నిలుచును.

తరువాత గాజుపలకలు, ఫిల్ము, ఎన్లార్జరు వచ్చినవి. ఎర్రదీపం క్రింద బ్రోమైడు కాగితాన్ని ట్రేలో ఊపుట ఒకప్పుడు మన స్టూడియోలవారికి నిత్యకృత్యంగా ఉండెడిది. ఎన్లార్జరు వెలుతురుకు చేయి అడ్డుపెట్టి మెట్ట నీడను పలుచన చేయుట, ఆకాశానికి మరికొంత వెలుతురిచ్చి మబ్బును పైకి తెచ్చుట ఆ చేతిపనిలోనివే. ఇది మోసమని కొందరందురు. నా మట్టుకు అది కూరలో ఉప్పు సరిచూచుకొనుట వంటిది.

గ్రీన్‌లా నెగటివులు 1980లో బ్రిటనులో మరల వెలుగు చూచినవి. సుమారు 60. ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫరు జాన్ గోలింగ్స్ 1983లో అవే తావులలో నిలబడి అవే దృశ్యాలను మరల తీసినాడు. రెండూ ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియును. విఠలాలయంలోని రాతి రథం మీద 1856 నాటికి ఇటుక శిఖరం ఉన్నది. ఇప్పుడు లేదు. 2017లో వచ్చిన 50 రూపాయల నోటుమీద మనం చూచేది శిఖరంలేని రథమే. అది ఎట్లుండెడిదో కళ్ళకు కట్టునది ఆ మైనపు కాగితం!

హంపి సంగతి ఇంత చెప్పుట మా ఊరి కోసమే. మాది రాయచెర్లు, తుమకూరు జిల్లా పావగడ తాలూకా. తాలూకా చుట్టూ చాలావరకు ఆంధ్ర పొలిమేరే. కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు. వేరుశెనగ చేలు, వానలు తప్పిన ఏళ్ళు మా ఆస్తి. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను ఐదు గ్రామాలలో సుమారు 13,000 ఎకరాలు సౌరవిద్యుత్తుకు కౌలుకు పోయినవి. ఎకరాకు సాలుకు 21,000 రూపాయలతో మొదలు, గడువు 28 సంవత్సరాలు. 2018 మార్చి 1న ప్రారంభించినారు. 2019 ఆఖరుకు 2,050 మెగావాట్లయినది. నేను దానిని తప్పుపట్టను, కరువునేల ఇవ్వలేనిది కౌలు ఇచ్చినది. సెంటుభూమి లేక కూలికి పోయేవారి మాట వేరు, వారికి చేలతోపాటు పని కూడ పోయినది.

గడువు తీరిన తరువాత నేల రైతుకు తిరిగి రావలెను. సర్వే నంబరు, విస్తీర్ణం కాగితాలలో ఉన్నవి. ఏ గట్టున ఏ చెట్టుండెనో, వాననీరు ఏ వంకన దిగెనో ఏ రికార్డులోనూ లేదు.

మా నాన్న పెండ్లి ఫొటోల నెగటివులు ఒక బిస్కట్టు డబ్బాలో ఉన్నవి. చుట్టలో మిగిలిన ఒక్క ఫ్రేమును ఫొటోగ్రాఫరు ఊరకే పోనీయక చేనివైపు తిప్పి తీసినాడు కాబోలు. ఒక చింతచెట్టు, గట్టు, దూరాన మెట్ట. చేతితో ప్రింటు వేసేవాడొకడు బెంగుళూరులో దొరకగా, పెద్ద కాగితంమీద వేయించి ఊరికి తీసుకొనిపోయినాను. మా పెదనాన్న చెట్టును చూడలేదు. గట్టుమీద వేలుపెట్టి, “ఇదిగోరా మనకూ వాళ్ళకూ హద్దు, ఈ మలుపుకాడ్నే మూడు మూరలు మా నాయన వదిలిపెట్టినాడు” అన్నాడు. ఆ మూడు మూరల సంగతి మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.